పది గంటల పనిదినం: లోవెల్ మిల్లు స్త్రీలు, అమెరికా తొలి కార్మిక సంస్కరణోద్యమం

రోజుకు ఎన్ని గంటలు పనిచేయాలన్నది యజమానికీ పనివారికీ మధ్య కుదిరే బేరమా, లేక సమాజమంతా కలిసి తేల్చవలసిన విషయమా అన్న ప్రశ్న నేడు చాలా దేశాల చట్టాల్లో ఎప్పుడో తేలిపోయినట్టే కనబడుతుంది గాని, యంత్ర పరిశ్రమ కొత్తగా కాలూనిన రోజుల్లో దానికి జవాబు ఎవరికీ తెలియదు. ఎవరిని అడగాలో కూడా తెలియదు. అమెరికాలో ఆ ప్రశ్నను పట్టుదలగా ఒక శాసనసభ గడప ఎక్కించినవారిలో పెద్ద భాగం ఓటు హక్కు లేని యువతులు, మసాచుసెట్స్ రాష్ట్రంలోని లోవెల్ పట్టణపు నూలు మిల్లుల్లో మరమగ్గాల దగ్గరా వడుకు యంత్రాల దగ్గరా నిలబడి పనిచేసినవారు. 1830లలో సమ్మెలతో మొదలై, 1840ల నడుమ అర్జీలతోనూ పత్రికతోనూ ఊపందుకుని, తాము అడిగిన రోజున ఏమీ దక్కించుకోలేక, మూడు దశాబ్దాల తరవాత వేరే స్త్రీలకు ఫలితం దక్కించిన ఆ ప్రయత్నాన్ని చరిత్రలో పది గంటల ఉద్యమం అంటారు. ఈ ఉపన్యాసానికి అదే విషయం. ఆ కాలపు తక్కిన సంస్కరణలు దానితో ముడిపడినంత మేరకే ఇందులోకి వస్తాయి.

ఫ్యాక్టరీలకు ముందు కూడా అమెరికాలో పనివారి పోరాటాలు ఉన్నాయి, అయితే అవి చేతివృత్తులవారివి. పని నేర్చుకుని, సొంత దుకాణం పెట్టుకునే స్తోమత లేక మరొకరి దగ్గర కూలికి కుదిరిన చెప్పులు కుట్టేవారు, వడ్రంగులు, దర్జీలు తమ కూలి రేట్లు నిలబెట్టుకోవడానికి సంఘాలు కట్టగా, 1806లో ఫిలడెల్ఫియా కోర్టు చెప్పులు కుట్టే పనివారి సంఘాన్ని నేరపూరిత కుట్ర కింద శిక్షించింది. ఒక్కడు ఎక్కువ కూలి అడిగితే నేరం కానిది పదిమంది కూడి అడిగితే నేరమవుతుందన్న ఈ వాదం ఇంగ్లండు న్యాయసంప్రదాయం నుంచి వచ్చింది. 1842లో బోస్టన్ బూట్ల పనివారి కేసులో మసాచుసెట్స్ ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయెల్ షా, సంఘం కట్టడం తనంతట తాను నేరం కాదని తీర్పు చెప్పే దాకా అది పనివారి తల మీద కత్తిలా వేలాడుతూనే ఉంది. ఈలోగా 1827లో ఫిలడెల్ఫియా వడ్రంగులు పొద్దుపొడుపు నుంచి పొద్దుగుంకే దాకా సాగే పనిదినాన్ని పది గంటలకు తగ్గించాలని పని మానేశారు. ఆ సమ్మె నెగ్గలేదు గాని, దాని వెనకనే వివిధ వృత్తుల సంఘాలన్నిటినీ కలిపిన సమాఖ్య ఒకటి, 1828లో పనివారి రాజకీయ పక్షం ఒకటి పుట్టాయి. ఉచిత ప్రభుత్వ పాఠశాలలు కావాలని, అప్పు తీర్చలేనివాడిని జైల్లో వేసే పద్ధతి పోవాలని, కట్టిన ఇంటి మీద పనివాడికి కూలి బాకీ తీరేదాకా చట్టబద్ధమైన పట్టు ఉండాలని ఆ పక్షం కోరింది. 1835లో ఫిలడెల్ఫియా నగరమంతా కదిలి పది గంటల పనిదినం సాధించుకోగా, 1840లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ ఫెడరల్ ప్రభుత్వపు నిర్మాణ పనులకు దానినే వర్తింపజేశాడు. అయితే వీరంతా చేతిలో పనితనం, పెట్టెలో వేయడానికి ఓటు ఉన్న మగవారన్నది మరవరాదు. వీరి విజయాలేవీ మిల్లు గేటు దాటి లోపలికి రాలేదు.

మిల్లు వేరే లోకం. ఇంగ్లండు నుంచి వడుకు యంత్రాల రహస్యం మోసుకొచ్చిన శామ్యూల్ స్లేటర్ 1790లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పటకెట్‌లో నీటి బలంతో నూలు వడికించినప్పుడు పనిలోకి తీసుకున్నది ఎక్కువగా పిల్లలను, ఆ తరవాత కుటుంబాలకు కుటుంబాలను. అదే పటకెట్‌లో 1824లో కూలి తగ్గింపుకూ పని గంటల పెంపుకూ వ్యతిరేకంగా మరమగ్గాల స్త్రీలు మానేసిన పనిని అమెరికా ఫ్యాక్టరీల్లో తొలి సమ్మెగా చెప్పుకుంటారు. స్లేటర్ పద్ధతిని తలకిందులు చేసినవాడు బోస్టన్ వర్తకుడు ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్. 1810 నుంచి రెండేళ్ళ పాటు బ్రిటన్‌లో తిరిగి అక్కడి మరమగ్గాలను కళ్ళతో చూసి గుర్తుపెట్టుకుని వచ్చి, పాల్ మూడీ అనే మెకానిక్ సాయంతో వాల్తమ్‌లో చార్లెస్ నది ఒడ్డున దూది ఏకడం మొదలు బట్ట నేయడం వరకూ ఒకే కప్పు కింద జరిగే మిల్లును 1814 నాటికి నిలబెట్టాడు.

ఆ మిల్లు నేసిన ముతక బట్టకు అమెరికా బజారులో గట్టి పోటీ భారతదేశపు ముతక నూలు బట్టే. కలకత్తా, మద్రాసు రేవుల నుంచి అమెరికన్ ఓడలే వాటిని మోసుకుపోయేవి. 1816 సుంకాల చట్టం వచ్చే సమయంలో లోవెల్ రాజధాని వాషింగ్టన్‌కు వెళ్ళి శాసనకర్తలకు నచ్చజెప్పి చేర్పించిన నిబంధన ప్రకారం, దిగుమతయ్యే నూలు బట్ట ఎంత చౌకదైనా దాన్ని గజం 25 సెంట్లు విలువ చేసే సరుకుగా లెక్కగట్టి, ఆ విలువ మీద 25 శాతం సుంకం వేస్తారు. ఖరీదైన ఇంగ్లీషు బట్టకు ఇది పెద్ద భారం కాలేదు. గజం కొద్ది సెంట్లకే దొరికే భారతదేశపు బట్టకు మాత్రం తలుపు మూసుకుపోయింది. బ్రిటిష్ మిల్లులు మన నేతగాళ్ళను దెబ్బతీసిన కథ తెలుగు పాఠకులకు తెలిసినదే. అట్లాంటిక్ అవతల ఈ చిన్న లెక్క కూడా ఆ దెబ్బలో ఒక పాలు పంచుకుందన్నది అంతగా చెప్పుకోని విషయం. పనిగంటలను చట్టం ముట్టుకోరాదని తరవాతి రోజుల్లో గట్టిగా వాదించిన పరిశ్రమ, పుట్టుకలోనే చట్టం చేతి అండతో నిలబడిందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవలసి ఉంటుంది.

లోవెల్ 1817లో చనిపోయాడు. ఆయన భాగస్వాములు మెర్రిమాక్ నది దాదాపు 32 అడుగులు కిందికి దూకే చోట 1822లో కొత్త కంపెనీ పెట్టి, కాలువలు తవ్వించి, మిల్లులు కట్టించి, 1826లో ఏర్పడిన ఆ ఊరికి ఆయన పేరు పెట్టారు. ఆనాటికి రెండున్నర వేల జనాభా ఉన్న ఆ చోటు 1850 కల్లా ముప్పైమూడు వేలు దాటిన నగరమైంది. ఇంగ్లండు మిల్లు పట్టణాల మసి, తాగుడు, దారిద్ర్యం గురించి విన్న అమెరికన్లు ఫ్యాక్టరీ అంటేనే భయపడుతున్న కాలంలో, ఈ భాగస్వాములు శాశ్వతమైన కూలి వర్గాన్ని పెంచబోమని మాట ఇచ్చారు. న్యూ హాంప్‌షైర్, మెయిన్, వెర్మాంట్ కొండ పల్లెల రైతు కుటుంబాల పెళ్ళికాని ఆడపిల్లలను కొన్నేళ్ళ పాటు పనికి రప్పించి, కంపెనీ కట్టించిన వసతి గృహాల్లో వయసు మళ్ళిన వితంతువుల పర్యవేక్షణలో ఉంచి, రాత్రి పదింటికి తలుపులు మూయించి, ఆదివారం చర్చికి వెళ్ళడం తప్పనిసరి చేసి, కాస్త డబ్బు కూడబెట్టుకుని ఇంటికి తిరిగి వెళ్ళేలా చేయడం వారి ఏర్పాటు. భోజనం, బస ఖర్చులు పోగా చేతికి మిగిలే డబ్బు ఆ రోజుల్లో ఆడపిల్లలకు దొరికే బడిపంతులమ్మ ఉద్యోగం కంటే, ఇంటి పని కంటే మెరుగు. తమ్ముడి చదువుకు పంపినవారు, తండ్రి పొలం తాకట్టు విడిపించినవారు, తమ పెళ్ళికే దాచుకున్నవారు ఉన్నారు. ఇదంతా నిజమే, ఆ పిల్లలు లోవెల్‌కు మోసపోయి రాలేదు.

కాని ఆ ఏర్పాటుకు వెల గంటల్లో చెల్లించవలసి వచ్చింది. వేసవిలో తెల్లవారుజామున నాలుగున్నరకు గంట మోగితే ఐదింటికి మిల్లులో ఉండాలి. మళ్ళీ బయటికి వచ్చేది సాయంత్రం ఏడింటికి. నడుమ పొద్దుటి ఫలహారానికి అరగంట, మధ్యాహ్న భోజనానికి ముప్పావు గంట, అందులోనే వసతి గృహానికి నడిచి వెళ్ళి రావడం కూడా. ఏడాది మొత్తం మీద సగటు పనిదినం పన్నెండు గంటలు దాటేది. సెప్టెంబర్ చివర నుంచి మార్చి వరకు పొద్దున్నా సాయంత్రమూ దీపాలు పెట్టుకుని పనిచేసేవారు. ఆ దీపాలు ఆర్పే మార్చి రోజును పనివారు పండుగగా జరుపుకునేవారంటే ఆ కాలాన్ని ఎంతగా విసుక్కునేవారో తెలుస్తుంది. పొడిగాలికి నూలు తెగుతుంది గనుక నేత గదుల కిటికీలు బిగించి, గాలిలో తేమ ఉండేలా చూసేవారు. ఆ తేమలో దూది నుసి తేలుతూ ఉండేది. నాడెలో కొత్త కండె పెట్టినప్పుడు దారం కొసను నాడె రంధ్రం గుండా పెదవులతో పీల్చి బయటికి లాగడం మగ్గం దగ్గర అలవాటైన పని, అదే నాడెను ఎందరు అలా పీల్చినా సరే. కంపెనీలో ఏడాదైనా పనిచేసి, మేస్త్రీకి ముందుగా చెప్పి మానేసినవారికే మంచి నడవడి పత్రం దొరికేది. అది లేనివారి పేరు తక్కిన మిల్లుల దగ్గర ఉండే నల్లజాబితాలోకి ఎక్కేది. కంపెనీలు వేరు వేరైనా వాటాదారులు దాదాపు ఒకే గుంపువారు గనుక ఒక గేటు మూసుకుంటే అన్ని గేట్లూ మూసుకున్నట్టే.

1834 ఫిబ్రవరిలో సరుకు అమ్ముడుపోవడం లేదంటూ కూలిలో 15 శాతం దాకా కోత పెట్టబోతున్నారని తెలియగానే దాదాపు 800 మంది స్త్రీలు మగ్గాలు వదిలి వీధిలోకి వచ్చారు. వారు వెలువరించిన ప్రకటన తమను స్వాతంత్ర్య సమరంలో పోరాడిన తాతల మనవరాళ్ళుగా చెప్పుకుని, కోత పెట్టబోయిన యజమానులను ఆనాటి బ్రిటిష్ పాలకుల పక్కన నిలబెట్టింది. వారు చేసిన మరో పని ఇంకా తెలివైనది: పొదుపు చేసుకున్న డబ్బును ఒక్కసారిగా బ్యాంకుల నుంచి తీయడానికి వరస కట్టారు. బ్యాంకులు నడిపేది కూడా మిల్లులతో సంబంధమున్న పెద్దమనుషులే కాబట్టి ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో వారికి బాగా తెలుసు. అయినా వారం తిరక్కుండానే సమ్మె వీగిపోయింది. 1836 అక్టోబర్‌లో వసతి గృహాల భోజన ఖర్చు పెంచి పనివారి మీద వేసినప్పుడు పదిహేను వందల మందికి పైగా బయటికి వచ్చారు. ఫ్యాక్టరీ యువతుల సంఘం కట్టుకున్నారు. ఈసారి కొన్ని మిల్లుల్లో ఎంతో కొంత వెనక్కి తగ్గించగలిగారు. నిండిన కండెలు తీసి ఖాళీ కండెలు పెట్టే పదకొండేళ్ళ హారియెట్ హాన్సన్ ఆ రోజు తన గదిలోని పెద్దవాళ్ళు తటపటాయిస్తుంటే ముందు తానే లేచి నడవగా, వెనకాల గది గదంతా నడిచిందని పెద్దయ్యాక 1898లో అచ్చు వేసిన తన జ్ఞాపకాల్లో రాసుకుంది. నీటి పంపు ఎక్కి నిలబడి ఒక అమ్మాయి ఉపన్యాసమిచ్చిందని, లోవెల్‌లో ఆడది బహిరంగంగా మాట్లాడడం అదే మొదటిసారని ఆమే చెప్పింది. వితంతువైన ఆమె తల్లి కంపెనీ వసతి గృహం నడుపుతూ ఉండేది. కూతురినైనా అదుపులో పెట్టుకోలేకపోయావంటూ కంపెనీ ఆ తల్లి ఉద్యోగం ఊడబెరికింది.

ఈ రెండు సమ్మెలనూ నడిపించిన బలం ఎక్కడిదన్నది చరిత్రకారులు తరచి చూసిన విషయం. కలిసి తినే, ఒకే మంచం మీద ఇద్దరేసి పడుకునే, ఒకే పల్లె నుంచి అక్కచెల్లెళ్ళుగా స్నేహితురాళ్ళుగా వచ్చిన వసతి గృహపు బతుకు వారిని ఒక్కటి చేసింది. కంపెనీ కాపలా కోసం కట్టిన ఇల్లే సంఘానికి పునాది అయింది. రెండో బలం వారికి వెనక ఉన్న పొలం. గెంటేస్తే ఇంటికి పోతామన్న ధైర్యం ఇంగ్లండు మిల్లు పనివారికి లేనిది. కాని ఆ పొలమే బలహీనత కూడా: సగటున కొన్నేళ్ళకే పని మాని వెళ్ళిపోయే పిల్లలు ఉద్యమానికి వయసు రానివ్వలేదు. అక్టోబర్‌లో సంఘం కట్టినవారిలో చాలామంది మరుసటి వసంతానికి ఊళ్ళో లేరు. 1837లో బ్యాంకులు కుప్పకూలి దేశమంతా మాంద్యం రాగా ఆ సంఘం పేరైనా వినబడకుండా పోయింది. అందుకే 1840లలో ఉద్యమం సమ్మె దారి వదిలి, మనుషులు మారినా నిలిచే సాధనాల వైపు తిరిగింది. అర్జీ, పత్రిక, సంఘపు నియమావళి, శాసనసభ వాంగ్మూలం ఆ సాధనాలు. దీన్ని ఓటమిగా చూసేవారున్నారు. నిజానికి అది ఎదుగుదల.

పని కూడా ఆ దశాబ్దంలో మారింది. బట్ట ధర పడిపోతున్న కొద్దీ యంత్రాల వేగం పెంచారు. ఒక్కో స్త్రీ చూసుకునే మగ్గాలు రెండు నుంచి మూడుకూ నాలుగుకూ పెరిగాయి. ఎక్కువ సరుకు తీయించిన మేస్త్రీకి బహుమతి సొమ్ము ఇచ్చే పద్ధతి పెట్టడంతో మేస్త్రీకీ పనివారికీ నడుమ మిగిలిన కాస్త మర్యాద కూడా చెడింది. నేసిన బట్ట పెరిగినంతగా కూలి పెరగలేదు. 1846లో లోవెల్‌లోని మసాచుసెట్స్ కంపెనీ నేత స్త్రీలు ముక్క రేటు తగ్గకుండా ఇస్తే తప్ప నాలుగో మగ్గం ముట్టబోమని ప్రతిజ్ఞ పత్రం మీద సంతకాలు చేసి, దాదాపు అందరూ దానికి కట్టుబడి, కంపెనీని వెనక్కి తగ్గించారు. ఆ దశాబ్దపు స్పష్టమైన విజయాల్లో ఇది ఒకటి.

ఇవే రోజుల్లో లోవెల్ ప్రపంచానికి మరో ముఖం చూపిస్తోంది. మిల్లు యువతులే కథలు, వ్యాసాలు, పద్యాలు రాసి నడిపే లోవెల్ ఆఫరింగ్ అనే పత్రిక 1840లో మొదలై, హారియెట్ ఫార్లీ, హారియట్ కర్టిస్ సంపాదకత్వంలో అట్లాంటిక్ దాటి పేరు తెచ్చుకుంది. 1842లో లోవెల్ చూసిన ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ వసతి గృహాల్లో పియానోలు, చందా గ్రంథాలయాలు, ఈ పత్రిక చూసి ఇంగ్లండు పాఠకులు నమ్మరేమోనన్నంత ఆశ్చర్యంతో రాశాడు. ఆయన అక్కడ గడిపింది ఒక్క రోజే. చూసినదాన్ని అబద్ధమనడానికి లేదు గాని, పియానో మీటడానికి సాయంత్రం ఏడున్నర తరవాత ఎవరికి ఓపిక ఉందన్నది ఆ ఒక్క రోజులో తేలే సంగతి కాదు.

ఆ పత్రికలోనే 1840లో ఫ్యాక్టరీ జీవితపు సుఖాల గురించి ఒక వ్యాసం వచ్చింది. రాసినది సారా బేగ్లీ. 1806లో న్యూ హాంప్‌షైర్‌లో పుట్టి, 1837లో ముప్పై దాటిన వయసులో లోవెల్ చేరి, హామిల్టన్ కంపెనీలో నేతలో కుదిరిన ఈమె తోటివారికంటే పెద్దది. ఐదేళ్ళు తిరిగేసరికి అదే స్త్రీ, అదే పత్రిక కంపెనీల నోరు తప్ప పనివారి నోరు కాదని 1845 జులై 4న వుబర్న్ పట్టణంలో జరిగిన కార్మికుల సభలో బహిరంగంగా దుయ్యబట్టింది. మిల్లులను విమర్శించే తన రచనలను అందులో వేయలేదని ఆరోపించగా, ఫార్లీ కాదని జవాబిచ్చింది. ఇద్దరి మాటల్లో ఎవరిది ఎంత నిజమన్నది పక్కన పెట్టినా, పొట్టకూటి పని చేసేవారికి చదువు సంస్కారాలు ఉన్నాయని నిరూపించడం ఫార్లీకి ముఖ్యమైతే, ఆ చదువుకు వేళ ఎక్కడిదని అడగడం బేగ్లీకి ముఖ్యమైంది. పది గంటల కోరిక వెనక ఉన్న వాదమంతా ఈ రెండో ప్రశ్నలోనే ఉంది. స్వపరిపాలన గల గణతంత్రంలో పౌరులు చదవాలి, ఆలోచించాలి, సభలకు వెళ్ళాలి. పన్నెండు పదమూడు గంటలు యంత్రం దగ్గర నిలబడ్డవారు అవేవీ చేయలేరు. కాబట్టి పనిగంటలు తగ్గడం పనివారికి దయగా ఇచ్చేది కాదు, గణతంత్రానికే అవసరం. వడ్రంగి సేత్ లూథర్ 1832 నుంచీ న్యూ ఇంగ్లండ్ ఊళ్ళలో తిరుగుతూ ఇదే వాదాన్ని మగ పనివారికి బోధించాడు. బేగ్లీ, ఆమె సహచరులు దాన్ని స్త్రీల నోట పలికించడంతో, చదువూ ఆలోచనా కోరే ఆ పౌరుల్లో స్త్రీలు కూడా ఉన్నారన్న మాట చెప్పకుండానే చెప్పినట్టయింది.

లోవెల్ స్త్రీల కార్మిక సంస్కరణ సంఘం 1844 చివరినాళ్ళలో కొద్దిమందితో మొదలై బేగ్లీ అధ్యక్షతన నెలల్లోనే వందలకు పెరిగింది. మాంచెస్టర్, డోవర్ వంటి న్యూ హాంప్‌షైర్ మిల్లు పట్టణాల్లోనూ శాఖలు లేచాయి. కార్మికుల పత్రిక వాయిస్ ఆఫ్ ఇండస్ట్రీ ఫిచ్‌బర్గ్ నుంచి 1845లో లోవెల్‌కు మారి, అందులో స్త్రీలకు ప్రత్యేక శీర్షిక ఏర్పడింది. రోజుకు పది గంటలకు మించి పనిచేయించరాదని చట్టం చేయమంటూ రాష్ట్ర శాసనసభకు వెళ్ళిన మహజర్ల మీద రెండు వేలకు పైగా సంతకాలు ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం లోవెల్‌వే. సభ వాటిని ఒక కమిటీకి అప్పగించింది. కమిటీ అధ్యక్షుడు విలియమ్ షూలర్ లోవెల్ సభ్యుడే, అక్కడి పత్రికాధిపతి కూడా, కంపెనీలకు కావలసినవాడు. అర్జీదారులు చాలావరకు స్త్రీలే గనుక వారే వచ్చి సాక్ష్యమిస్తే తప్ప విషయాన్ని పక్కన పెట్టేస్తామని ఆయన కబురు పెట్టాడు. ఆడవారు మగవారి సభలో నోరు విప్పడానికి వెనుకాడతారన్న లెక్క అందులో ఉండి ఉంటే, అది తప్పిన లెక్క.

1845 ఫిబ్రవరి 13న బోస్టన్‌లో కమిటీ ముందు జరిగిన విచారణ, ఫ్యాక్టరీ పరిస్థితుల మీద అమెరికాలో ఒక శాసనసభ జరిపిన తొలి విచారణల్లో ఒకటి. ఎలైజా హెమింగ్‌వే అనే నేత స్త్రీ ఉన్ని మిల్లులో తాను పనిచేసే గది సంగతి లెక్కలతో చెప్పింది: ఒకే గదిలో దాదాపు 150 మంది, వారిలో పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు కూడా, పొద్దున్నా సాయంత్రమూ వెలిగే దీపాలు 293 చిన్నవి, 61 పెద్దవి. ఆ మూడువందల యాభైనాలుగు దీపాలు ఆ గది గాలిని ఏం చేస్తాయో విడమరచి చెప్పనవసరం లేకపోయింది. బేగ్లీ, తక్కినవారు ఒళ్ళు చెడడం, చదువుకు వేళ లేకపోవడం, తిండికి చాలినంత విరామం లేకపోవడం గురించి చెప్పారు. పని కొంచెం తగ్గితే కూలి కొంచెం తగ్గినా ఒప్పుకుంటామన్నవారూ ఉన్నారు.

కమిటీ సభ్యులు కొందరు లోవెల్ వెళ్ళి మిల్లులు చూసి వచ్చారు. మిల్లుల చుట్టూ నాటిన చెట్లు, పచ్చగడ్డి, కిటికీల దగ్గర పూలమొక్కలు వారి నివేదికలో చోటు చేసుకున్నాయి. దురాచారాలు అసలు లేవని ఆ నివేదిక అనలేదు. పని గంటలు తగ్గితే, తినడానికి ఇంకా వ్యవధి ఉంటే బాగుంటుందని ఒప్పుకుంది. చట్టం మాత్రం పనికిరాదన్నది: ఒక్క కంపెనీలకే పెడితే అన్యాయం, అందరికీ పెడితే రాష్ట్రం పొరుగు రాష్ట్రాల పోటీకి తట్టుకోలేదు, పైగా ఇక్కడి పనివారు తమ బేరం తాము కుదుర్చుకోగలిగినంత తెలివైనవారు. చివరికి విరుగుడు శాసనసభ చేతిలో లేదని, కళలు శాస్త్రాలు పెరిగి మనుషుల్లో ధనాశ తగ్గి మానవ జీవితం మీద గౌరవం పెరిగినప్పుడు అదే వస్తుందని తేల్చింది. ఈ నివేదికను కంపెనీలకు అమ్ముడుపోయినవారి రాతగా కొట్టిపారేయడం సులువు, కాని సరి కాదు. బేరం స్వేచ్ఛగా కుదిరితే అందులో ప్రభుత్వం తలదూర్చరాదన్నది ఆ కాలపు మర్యాదస్థులందరి నమ్మకం. ఇందులో లోపం నమ్మకంలో కంటే లెక్కలో ఉంది. నల్లజాబితా ఒక వైపు, గంట కొట్టే తాడు ఒక వైపు పట్టుకున్న కంపెనీకీ, వారానికి మూడు డాలర్ల కూలి తెచ్చుకునే పిల్లకూ నడుమ కుదిరేది ఏ రకం బేరమో కమిటీ అడగలేదు.

సంఘం ఊరుకోలేదు. కమిటీ సాక్ష్యాల్లో తమకు అనుకూలమైనవి వదిలేసిందని తీర్మానించి, ఓటు లేకపోయినా షూలర్‌ను మళ్ళీ గెలవనివ్వబోమని అచ్చేసి చాటింది. ఆ నవంబర్‌లో ఆయన ఓడిపోయాడు. ఆ ఓటమి ఎంతవరకు స్త్రీల ప్రచారం వల్లనో కొలవడానికి వీలుకాదు. 1846లో రాష్ట్రమంతటి నుంచి మరిన్ని వేల సంతకాలతో మళ్ళీ అర్జీ వెళ్ళింది. మళ్ళీ అదే జవాబు వచ్చింది. ఆ ఏడే లోవెల్‌లో కొత్తగా తెరిచిన టెలిగ్రాఫ్ కార్యాలయంలో బేగ్లీ ఉద్యోగానికి చేరింది. దేశంలో ఆ పని చేసిన తొలి స్త్రీలలో ఆమెను లెక్కిస్తారు. మరుసటి ఏడు స్ప్రింగ్‌ఫీల్డ్ కార్యాలయానికి మారాక, తనకంటే ముందు అక్కడ పనిచేసిన మగవాడి జీతంలో మూడొంతులు మాత్రమే తనకు ఇస్తున్నారని తెలుసుకుంది. ఆమె వెళ్ళిపోయాక సంఘం పలచబడింది. ఉద్యమంలోని చదువరులు కొందరు ఫ్రెంచి చింతకుడు ఫూరియే చెప్పిన ఉమ్మడి జీవన సమాజాల వైపు, కొందరు పడమటి భూములు పేదలకు పంచాలన్న ఉద్యమం వైపు మళ్ళారు.

ఈ ఉద్యమం పూర్తిగా ఎదుర్కోలేకపోయిన విషయం ఒకటుంది. లోవెల్‌లో రోజూ విప్పే దూది బేళ్ళు దక్షిణ రాష్ట్రాల తోటల్లో బానిసలుగా ఉన్న నల్లజాతివారు ఏరినవి. లోవెల్ నేసిన ముతక బట్టలో కొంత మళ్ళీ ఆ బానిసల ఒంటి మీదికే వెళ్ళేది, దక్షిణాదిలో ఆ రకం బట్టను లోవెల్ అనే పిలిచేవారు. సమ్మె చేసిన స్త్రీలు తాము బానిసలం కామని పాడారు, కూలి బతుకును బానిసత్వంతో పోల్చారు. ఆ పోలిక సభల్లో బాగా పండేది గాని, అమ్మకానికి పెట్టే మనిషికీ పని మాని ఇంటికి పోగల మనిషికీ ఉన్న దూరాన్ని అది కప్పిపుచ్చింది. అయితే 1830ల నుంచే లోవెల్‌లో స్త్రీల బానిసత్వ వ్యతిరేక సంఘం ఉందని, మిల్లు స్త్రీలు ఆ అర్జీల మీద కూడా సంతకాలు పెట్టారని కూడా చెప్పాలి. కొందరు ఆ దారపు రెండో కొసను చూశారు.

చట్టం రానే వచ్చింది, మొదట న్యూ హాంప్‌షైర్‌లో, 1847లో. పది గంటలే చట్టబద్ధమైన పనిదినమని ఆ చట్టం ప్రకటించింది. దాని వెంటనే, అంతకు మించి పనిచేస్తానని విడిగా ఒప్పందం రాసి ఇస్తే తప్ప, అని ఒక మినహాయింపు పెట్టింది. చట్టం అమలులోకి రాకముందే కంపెనీలు ఒప్పంద పత్రాలు అచ్చు వేయించి, సంతకం పెట్టనివారికి పని లేదన్నాయి. పెట్టనివారి పేర్లు పక్క ఊళ్ళకు పంపాయి. 1848లో పెన్సిల్వేనియా చేసిన చట్టానికీ అలాంటి కంతే ఉండగా, పిట్స్‌బర్గ్ పక్కనున్న అలెగెనీలో మిల్లు స్త్రీలు గొడ్డళ్ళతో గేట్లు బద్దలుకొట్టారు. 1845 నివేదికలో వాదంగా ఉన్నది ఇప్పుడు చట్టంలో ఒక వాక్యంగా మారిందన్న మాట. బేరం స్వేచ్ఛ అనేది ఎవరి చేతిలో ఎలా పనిచేస్తుందో దీనికంటే తేటగా చూపే ఉదాహరణ దొరకదు.

లోవెల్‌లో ఈలోగా మనుషులు మారిపోయారు. ఐర్లండు కరువు నుంచి పారిపోయి వచ్చినవారు 1840ల చివర నుంచి మిల్లుల్లో నిండారు. 1836లో దాదాపు అందరూ ఇక్కడ పుట్టినవారే అయిన హామిల్టన్ కంపెనీలో 1860 నాటికి సగం మందికి పైగా విదేశాల్లో పుట్టినవారే. వీరికి వెనక్కి పోవడానికి పొలం లేదు, వసతి గృహపు ఐక్యత లేదు, పిల్లల కూలి లేకుండా ఇల్లు గడవదు. 1853లో కంపెనీలు తమంత తాముగా పని దినాన్ని పదకొండు గంటలకు తగ్గించాయి. చట్టం రాకుండా ఆపడానికే అలా చేశాయన్నది చాలామంది అభిప్రాయం, అది నమ్మదగినదే.

మసాచుసెట్స్ శాసనసభ ఫ్యాక్టరీల్లో స్త్రీలకూ పద్దెనిమిదేళ్ళ లోపువారికీ రోజుకు పది గంటలు, వారానికి అరవై గంటల పరిమితి పెట్టింది 1874లో, బేగ్లీ సాక్ష్యమిచ్చిన ఇరవైతొమ్మిదేళ్ళకు. విడి ఒప్పందాల మినహాయింపు అందులో లేదు. కావాలని ఉల్లంఘించినట్టు రుజువైతేనే శిక్ష అన్న మాట మాత్రం ఉంది, దాన్ని తీసేయడానికి మరో ఐదేళ్ళు పట్టింది. చట్టం చెల్లదంటూ కోర్టుకెక్కినది, బేగ్లీ తొలిసారి మగ్గం పట్టిన హామిల్టన్ కంపెనీయే. ఒక స్త్రీ చేత వారానికి అరవైనాలుగు గంటలు పనిచేయించినందుకు పడిన కేసులో ఆ కంపెనీ, ప్రభుత్వం తనకు 1825లో ఇచ్చిన పత్రం ఒక ఒప్పందమని, కొత్త చట్టం దాన్ని భంగపరుస్తోందని వాదించింది. 1876లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ వాదాన్ని తోసిపుచ్చింది. ఎవరైనా ఎన్ని గంటలు పనిచేయదలిస్తే అన్ని గంటలు పనిచేసే హక్కును ఈ చట్టం తీసేయలేదని, ఆరోగ్యానికి కొంతవరకు హాని చేసేదిగా శాసనసభ భావించిన వృత్తిలో ఒకే చోట మితి మించి పనిచేయించడాన్ని మాత్రమే ఆపిందని, ప్రజారోగ్యం కోసం అలా చేసే అధికారం శాసనసభకు ఉందని తీర్పు చెప్పింది. విరుగుడు మా చేతిలో లేదన్న 1845 జవాబును ఆ తీర్పు చెల్లని జవాబుగా మార్చింది. అప్పటికి సారా బేగ్లీకి డెబ్బై ఏళ్ళు. లోవెల్ వదిలి, పెళ్ళి చేసుకుని చాలాకాలమైంది. ఆ తీర్పులో ఆమె పేరు ఎక్కడా లేదు.